ముసలమ్మ గది రేడియేటర్

దయ్యాలంటే నాకు నవ్వు. సౌదీలో పైపులు బాగుచేస్తూనే ముసలివాణ్ణయ్యాను. విన్న ప్రతి మూలుగూ చివరికి నీళ్ళదో గాలిదో అయింది.

తబూక్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. పెద్ద ఇళ్ళల్లో గోడలకు ఇనుప రేడియేటర్లుంటాయి. వాటిలో వేడినీళ్ళు తిరిగి గది వెచ్చబడుతుంది. గాలి చిక్కుకుంటే టకటకమంటాయి. కింది అంతస్తుతో మొదలుపెట్టి ఒక్కొక్కదాని మర వదులుచేస్తే బుస్సుమని గాలి పోతుంది, వెనకే నీళ్ళొస్తాయి. అంతే పని.

పైగది రేడియేటర్ చప్పుడు చేస్తోందని ఒకింటికి పిలిచారు. ఆ ఇంట్లో పనిచేసే రహమత్‌బీ మా రాయచోటి మనిషే. మెట్ల దగ్గరే నన్ను ఆపింది.

"అన్నా, అది గాలేనని మేడంకు గట్టిగా చెప్పు. నేనే కొడతాండానని అనుకుంటాంది. ఇంకోసారి సప్పుడైతే ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపిచ్చేస్తాదంట. ఆడ నా మొగుడు మంచాన పడినాడు. నేను పంపితేనే మందులు."

పైగదిలో మేడం అత్తగారు పోయి నెల. కిడ్నీల జబ్బు, నీళ్ళు కొలిచే ఇవ్వమన్నారు డాక్టర్లు. దాహమైతే ఆవిడ ఉంగరంతో రేడియేటర్ మీద కొట్టేదట. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. ఆఖరి రోజు కొడుతూనే ఉంది. పైకి పోవద్దని ఇంట్లోవాళ్ళన్నారు. రహమత్ పోలేదు.

నేను మర తిప్పగానే గాలితోపాటు అత్తరు వాసన గుప్పుమంది. "మోయా, మోయా" అని ముసలి గొంతు నీళ్ళడిగింది!

ఇది నేను రియాద్‌కు వెళ్ళినప్పుడల్లా అక్కడి బతా బజారు మెస్సులో చెప్పే కథ. వినేవాళ్ళ ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఆ సరదాకే అత్తరూ గొంతూ కలిపాను. రెండూ అబద్ధం. గాలి వచ్చింది, నల్లటి నీళ్ళొచ్చాయి, మర బిగించాను.

చప్పుడు మాత్రం ఆగలేదు.

బాయిలర్ ఆపాను. వాల్వులు మూసి, రేడియేటర్ ఊడదీసి, నీళ్ళు పారబోసి, దుప్పటి మీద పడుకోబెట్టాను. దాని మీద చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుంటున్నాను. అరచేతి కింద రెండు దెబ్బలు. ఆగి, ఒకటి.

"జాయా, మామా!"

వస్తున్నానమ్మా అని అరబ్బీలో, కింద వంటింట్లోంచి రహమత్ కేక. ముసలమ్మకు పలికిన అలవాటుగా నోరు జారినట్టుంది. నీళ్ళ గ్లాసుతో పైకొచ్చింది. ఖాళీ గోడ చూసింది, దుప్పటి మీది ఇనుము చూసింది. గ్లాసు దాని పక్కన పెట్టింది.

చప్పుడు ఆగింది.

మేడం వచ్చి ఏమిటని అడిగితే, గాలి, పోయిందన్నాను. రహమత్ పని ఊడలేదు.

ఏటా చలికి ముందు నన్ను పిలుస్తారు. ఆ రేడియేటర్లో గాలి ఉండదు. పక్కన నిండు గ్లాసు ఉంటుంది. రోజూ నింపాల్సి వస్తోందా అని రహమత్‌ను నేనడగలేదు.

ఖాళీ ఇనుము ఎలా మోగిందో నాకిప్పటికీ తెలీదు. మెస్సులో ఈ ముక్క చెప్పను. చెబితే నాకే ముద్ద దిగదు.