కూలినట్టు కట్టమన్న కోట

బడిలో నేను శ్రద్ధగా నేర్చుకున్నది గోడకుర్చీ ఒక్కటే. అందుకే కాబోలు, చివరికి గోడలే నాకు అన్నం పెట్టాయి. 2023 వేసవిలో కేంబ్రిడ్జ్‌లో ఒక పెద్దాయన పెరట్లో కట్టిన గోడ మాత్రం కడుపు మండించింది.

ఆయన పేరు డంకన్. స్కాట్లాండ్‌లో వాళ్ళ పూర్వీకుల కోట పాడుబడి ఉంది.

"శత్రువులు కూల్చారా?" అనడిగాను.

"మావాళ్ళే! కప్పున్న కట్టడానికే పన్ను అని కప్పు పీకేశారు. తర్వాత వాన పని వాన చేసింది. రాళ్ళేమో ఊళ్ళో రైతులు కొట్టాలకి మోసుకుపోయారు."

ఇప్పుడు మిగిలింది ఒక మూల, అందులో పై అంతస్తు నేల కూలిపోగా గాల్లో వేలాడే నిప్పుగూడు, అంటే చలిమంట వేసుకునే గోడగూడు. ఫొటో చూపించి, ఆ మూల పెరట్లో కావాలన్నాడు. కూలినట్టే ఉండాలట. నిప్పుగూటి లింటెల్ మీద, అంటే అడ్డరాతి మీద, పాత మేస్త్రీ చెక్కుకున్న మేసన్స్ మార్క్ ఉంది. అది రాతిపనివాడి సంతకం.

"ఎవరి గోడ మా కోటలా ఉంటే వాళ్ళ గుర్తు చెక్కుకోండి" అన్నాడు మా ఇద్దరితో.

ఇన్నేళ్ళలో నేను కట్టిన ఏ గోడ మీదా నా గుర్తు లేదు. ఇది నాదే అనుకున్నాను. నాతో ఉన్నది కాకినాడ సాల్మన్, నా తర్వాత చేరిన మేస్త్రీ. చెరో వైపు మొదలుపెట్టాం.

నేను గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకంగుండు వేలాడదీశాను. కూలినట్టుండాలని పైరాళ్ళు వంకరగా పెడతాను, నా చెయ్యే మళ్ళీ సర్దేస్తుంది. సాల్మన్ ఫొటో ముందు చాలాసేపు నిలబడి, వాన ఎటునుంచి దిగిందో చూసుకుని, అటే రాళ్ళ మధ్య సున్నం లోపలికి గీకి, అటే అంచు విరిచాడు. ఎవరూ లేనప్పుడు వాడి గోడను భుజంతో నెట్టి చూశాను. కదల్లేదు. ఇంకా మండింది.

డంకన్ నా వైపు చూసి, "చక్కగా ఉంది, బ్యాంకు గోడలా" అన్నాడు. సాల్మన్ వైపు వెళ్ళి టోపీ తీసి, రాయి మీద అరచెయ్యి పెట్టాడు. కొత్త లింటెల్ మీద సాల్మన్ తన పేరుకి తగ్గట్టు చిన్న చేప చెక్కుకున్నాడు. నా వైపు పైవరసలు విప్పి కట్టింది కూడా వాడే.

గోడ కట్టేవాడికి అది ఎలా కూలుతుందో కూడా తెలిసుండాలని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఏ పనికెళ్ళినా వాన దిగే చోటు చూశాకే తూకంగుండు తీస్తాను.

ఆ రోజు మాత్రం వ్యాన్ ఎక్కుతూ ఊరుకోలేకపోయాను. "పడిపోయిన గోడ కట్టడానికి మేస్త్రీ ఎందుకురా సాల్మనూ, నీలాంటోడు చాలు."

"బాధపడకు అన్నా," అన్నాడు సీటుబెల్టు పెట్టుకుంటూ. "ఓ మూడొందలేళ్ళు ఓపికపట్టు. నీ గోడ కూడా నా గోడంత బాగా తయారవుద్ది."