టార్చిలైటుకు రంగు

ప్రగతి నగర్‌లో ఉండే మధుకర్ వారమంతా హైటెక్ సిటీలోని ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఆదివారం వస్తే సరదాకి తెల్ల ప్లాస్టిక్ టార్చిలైట్లు విప్పి, బల్బూ తీగలూ పక్కన పెట్టి, ఖాళీ డొల్లను గరుకు కాగితంతో రుద్ది, బట్టల రంగు కలిపిన వేడినీళ్లలో వేస్తాడు. నీళ్లు తెర్లితే డొల్ల వంకరపోతుంది. అందుకే పొయ్యి ముందు నుంచి కదలకుండా చెక్క గరిటెతో తిప్పుతూ, మధ్యమధ్య పైకెత్తి కిటికీ వెలుగులో చూసుకుంటాడు. అతని గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది.

భార్య నీలవేణి పుట్టినరోజని, ఆమె పెట్టె అడుగున ఉన్న పాత తెల్ల టార్చిని తీసి, ఆమెకిష్టమైన నెమలికంఠం రంగు వేశాడు. అంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు. ఆమె అందుకుని, వెనక కొసను వేలితో తడిమింది.

"ఇక్కడ గాట్లుండాలె, ఏమైనయ్?"

"ఎలుక కొరికిందనుకున్న. రుద్ది నున్నగ చేసిన."

"ఎలుక కాదు, మా బాపు పండ్ల గాట్లు. లైన్‌మన్ గదా. చీకట్ల స్తంభమెక్కితే రెండు చేతులకు పని ఉంటుండె. టార్చి నోట్ల పట్టుకుంటుండె."

పెళ్లికి ముందే పోయిన ఆ మామను మధుకర్ చూడనే లేదు.

"జర నిన్ను అడిగితే అయిపోతుండె," అన్నాడు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. ఆమె అతని ముఖం చూసి, "రంగు మంచిగ వచ్చింది," అంది. ఆ మాటకు అతను తలెత్తలేకపోయాడు.