లైటర్ పక్కన సీసా

2020 సెప్టెంబరు. డబ్లిన్‌కి దగ్గర్లోని నేస్‌లో, ఒక కాలేజీ సైన్స్ ల్యాబ్‌లో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. లాక్‌డౌన్ తర్వాత ల్యాబ్ మళ్ళీ తెరిచాం. కిటికీలు బార్లా తీసి ఉంచాలి. లైటర్ లాంటివి పదిమందీ వాడతారు కాబట్టి, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులకి శానిటైజర్ రాసుకోవాలి. ఈ రెండో నిబంధన నేనే రాసి, లామినేట్ చేసి గోడకి అంటించాను. ఎవరూ తలుపు దాకా నడవక్కర్లేకుండా ప్రతి బల్ల మీదా లైటర్ పక్కనే ఒక సీసా పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

సునీత ఆ నెలలోనే చేరింది. గుంటూరమ్మాయి. భర్త నర్సింగ్ హోమ్‌లో కేరర్, అంటే ముసలివాళ్ళని చూసుకునే పని. ఆమెది క్రిస్మస్ దాకా కాంట్రాక్టు, పని నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆశంతా దాని మీదే పెట్టుకుంది. మొదటి రోజే సీసా దగ్గర ఆగింది.

“అక్కా, ఇందులో ఉండేది ఆల్కహాలే గదా. బర్నర్ పక్కన పెట్టొచ్చా?”

“చేతులు ఆరాక వెలిగిస్తే గ్రాండ్. ఏం కాదులే,” అన్నాను. ‘బాగానే ఉంది’ అనడానికి ఇక్కడివాళ్ళు ‘గ్రాండ్’ అంటారు, మాకూ అదే అలవాటైంది.

స్పిరిట్ ల్యాంపు, అంటే వత్తి వేసిన ఆల్కహాల్ దీపం, దాంతో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని. ఆల్కహాల్ మంట పగటి వెలుగులో సరిగ్గా కనబడదని నాకు తెలుసు. తడి చేత్తో నిప్పు జోలికి పోకూడదనీ తెలుసు. గోడ మీద మాత్రం ఆ ముక్క రాయలేదు.

ఓ గురువారం ఎండ కాస్తూనే గాలి విసిరి కొడుతోంది. బున్సెన్ బర్నర్, అంటే గొట్టంలోంచి వచ్చే గ్యాస్‌తో మండేది, రెండుసార్లు ఆరిపోయింది. రెండుసార్లూ సునీత పద్ధతిగా గ్యాస్ ట్యాప్ కట్టేసి కాసేపు ఆగింది. క్లాసు టైమైపోతోంది. మూడోసారి నా నిబంధన ప్రకారమే శానిటైజర్ రాసుకుని, వెంటనే లైటర్ నొక్కింది.

“అక్కా! చెయ్యి కాలుతోందక్కా!”

నాకు మంట కనబడలేదు. ఎండలో ఊరికే చెయ్యి విదిలిస్తున్నట్టుంది. ఓ క్షణం అలాగే నిలబడిపోయాను. తర్వాత ఫైర్ బ్లాంకెట్ చుట్టి మంట ఆర్పి, గ్యాస్ మెయిన్ కట్టేసి, చేతిని ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ కింద పట్టించాను. వేళ్ళు బొబ్బలెక్కాయి.

సాయంత్రం ప్రమాదం ఫారం నేనే నింపాను. కారణం అన్న గడిలో ‘చేతులు ఆరకముందే వెలిగించారు’ అని రాశాను. అబద్ధం కాదు. సీసా అక్కడ పెట్టించింది నేనేననీ, ఆమె ముందే అడిగిందనీ రాయలేదు. కట్టు కట్టిన చేత్తో సంతకం పెట్టబోతూ సునీత అది చదివింది.

“నేను అడిగాను గదక్కా,” అంది మెల్లగా.

“ఫార్మాలిటీలే. నీకేం కాదు,” అన్నాను. మొహానికి మాస్కు ఉండబట్టి సరిపోయింది.

మర్నాడు సీసాలన్నీ తలుపు దగ్గరికి చేర్చాను. నోటీసు మార్చాను. ఫారం మార్చలేదు. క్రిస్మస్ ముందు అధికారులు ఆ ఫారమే చూపించి, జాగ్రత్త చాలదని సునీతని పర్మనెంట్ చెయ్యకుండా కాంట్రాక్టుతోనే ఆపేశారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. భయపడ్డాను, అంతే.

మరుసటి ఏడాది నేవన్ అనే ఇంకో ఊళ్ళో ఒక షాపు ముందు సునీత కనబడింది. “చెయ్యెలా ఉంది?” అన్నాను.

“చెయ్యి గ్రాండక్కా. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని ఇంటర్వ్యూల్లో అడుగుతారు చూడు, అదే చెప్పలేకపోతున్నా.”

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి ముందు పొడి చేతుల సంగతి చెప్తాను. అనుమానం వచ్చి అడిగినవాళ్ళని ‘ఏం కాదులే’ అని పంపించను. తర్వాత, ఆ రోజు ఫారంలో నేను రాయకుండా వదిలేసిన రెండు ముక్కలూ చెప్తాను. కారణం అన్న ఆ గడిలో వాటికీ చోటుంది.