తెల్ల బొత్తాం సంగతి

మా బ్యాగు లోపలి జేబు పక్కన ఒక తెల్ల బొత్తాం ఉంటుంది. అదెందుకని కొన్న అమ్మాయిలు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు. అడవి వాళ్ల చంద్రుడి గుర్తా అని ఒకామె, దిష్టి తగలకుండానా అని ఇంకొకామె. చంద్రుడూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అది చొక్కా బొత్తాం. కుట్టింది మా దగ్గర పనిచేసే దేవే అనే ఆమె. ఎందుకు కుట్టిందో చెప్పాలంటే నా పరువు నేనే తీసుకోవాలి. తీసుకుంటాను.

నా పేరు అపర్ణ. సరిహద్దు ఊరు కొంటాలో మా నాన్న శేషగిరిరావుకు బట్టల కొట్టు ఉంది. హైదరాబాద్‌లో డిజైన్ కోర్సు చదివి వచ్చి, కొట్టు వెనక గదిలో ఐదుగురు ఆడవాళ్లతో బ్యాగుల పని మొదలుపెట్టాను. ఫెయిర్ ట్రేడ్ పని. అంటే చేసినవాళ్లకు న్యాయమైన కూలి, ట్యాగు మీద వాళ్ల పేరు, వాళ్ల ఫోటో. ఆ ఐదుగురిలో అందరికంటే ముందు వచ్చింది దేవే.

దేవేది భేజ్జి దగ్గర పల్లె. వయసు యాభైకి అటూ ఇటూ. భర్త పేరు కోస, అతను పోయి పదేళ్లు. ఎకరన్నర వరి, వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. ఇంట్లో దోర్లి, ఆఫీసుల్లో హిందీ, మాతో తెలుగు. ఆ తెలుగు భద్రాచలం వైపు మిరప చేలల్లో కాయలు కోస్తూ నేర్చుకుంది. కుట్టుపని మా వీధి దర్జీ దగ్గర బొత్తాలు కుడుతూ నేర్చుకుంది. మెడలో ఎర్రపూసల దండ. అందులో ఒక పూస పగిలితే ఆ చోట చొక్కా బొత్తాం గుచ్చుకుంది. కొత్త పూస తెచ్చిస్తానంటే ఇదే గట్టిదని నవ్వేది. ఏ బ్యాగు కుట్టినా అందులో ఐదు కిలోల బియ్యం పోసి, భుజానికి తగిలించుకుని గది చుట్టూ తిరిగేది. పట్టీ దగ్గర ఒక్క కుట్టు సాగినా మొత్తం విప్పేసేది. ఆలస్యమవుతోందని నాకు ఒళ్లు మండేది. ఆమె పట్టించుకునేది కాదు.

మొదట్లో నా బ్యాగులు ఎవరూ ముట్టలేదు. గవ్వలు, కుచ్చులు, అద్దాలు, ఏది దొరికితే అది పెట్టాను. దేవే కూతురు గంగా జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదువుతుంది. ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడు దేవే ఆమె సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఫోను, ఛార్జరు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, చున్నీ. ఇవన్నీ పట్టాలి, బస్సులో నిలబడి ఒంటిచేత్తో ఫోను తీయగలగాలి, కింద పెడితే ఒరిగిపోకూడదు అంది. అడుగు వెడల్పు చేసి, బయట ఏటవాలు జేబు పెట్టి, తనే కత్తిరించి కుట్టింది. ఇవాళ మీ భుజాన ఉన్నది ఆ బ్యాగే. డిజైన్ నాదని నేను అన్నిచోట్లా చెప్పుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఫోటో రోజు దేవే తలకు నూనె రాసుకుని, పచ్చచీర కట్టుకుని, రెండు ఆటోలు మారి వచ్చింది. నవ్వమంటే నవ్వింది. ముందు పన్ను సగం విరిగి ఉంటుంది. బ్యాగుల మీద తన మొహం వస్తుందని గంగాకు ఫోన్‌లో చెప్పుకుని మురిసిపోయింది. మా బ్యాగులు అమ్మిపెట్టే హైదరాబాద్ షాపామె నా ఫోన్లో ఆ ఫోటో చూసి పెదవి విరిచింది. ఈ మొహం చూస్తే కాలేజీ పిల్లలు బ్యాగు చేత్తో కూడా పట్టుకోరంది. వాదించాల్సింది. పది నిమిషాల్లో ఒప్పేసుకున్నాను. డిజైన్ చూసుకోవాలని చెప్పి దేవే దండ అడిగితే, మెడలోంచి తీసి ఇచ్చింది. దాన్ని నేను వేసుకుని, చీర మోకాళ్ల దాకా కట్టుకుని పెరట్లో నిలబడితే మా బాబాయి కొడుకు ఉమామహేశ్ ఫోటో తీశాడు. కింద "దేవే, భేజ్జి" అని అచ్చు వేయించాను. సిగ్గు లేదా అంటే, ఆ రోజు నిజంగా లేదు. ఫోటో బాగా వచ్చిందని సంబరపడ్డాను కూడా.

జగదల్‌పూర్‌లో ప్రదర్శన పెట్టాం. గంగా, తన అమ్మ ఫోటో చూపిస్తానని నలుగురు హాస్టల్ స్నేహితురాళ్లను తీసుకెళ్లింది. ట్యాగు మీద అమ్మ పేరే ఉంది, మొహం ఎవరిదో. మీ అమ్మ భలే పడుచుగా ఉందే అని పిల్లలు పకపకా నవ్వారట. ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి, నాతో కూడా గొప్పలు పోవాలా అని పెట్టేసింది. మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే దేవే కొట్టుకు వచ్చి ట్యాగు చూపించమంది. అయిపోయాయన్నాను. ఆమె తనే డబ్బా తెరిచి, ఒకటి తీసి గుమ్మం వెలుతురులో పట్టుకుంది. ప్రెస్సు వాళ్లు ఫోటోలు తారుమారు చేశారని గబగబా చెప్పాను. దేవే వేలు ఫోటోలోని దండ మీద ఆగింది.

"ఈ బొత్తాం నేను గుచ్చిందే గదా. నా మొహం బాగలేకపోతే నాతోటే చెప్పాలె. నా పిల్ల ముందల నన్ను అబద్ధాలదాన్ని చేసినవేంది?"

కౌంటర్ దగ్గర గుడ్డ కొలుస్తున్న నాన్న తల దించుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దేవే ఒక్కటే అడిగింది, గంగాకు ఉన్నదున్నట్టు చెప్పమని. సరేనన్నాను. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి ప్రెస్సులో పొరపాటు అని మెసేజ్ పెట్టాను.

దేవే పని మానలేదు. పని మాట తప్ప నాతో ఇంకో మాట లేదు. ఆ వారం నుంచే ప్రతి బ్యాగులో తెల్ల బొత్తాం కనిపించసాగింది. ఎందుకని అడిగాను. "మొహం మార్చినవు. దీన్ని మార్చకు," అంది.

ఇక్కడి దాకా కాగితం మీద రాసి, పోయిన ఆదివారం జగదల్‌పూర్ వెళ్లి గంగా చేతిలో పెట్టాను. ఆ పిల్ల హాస్టల్ గేటు దగ్గర నిలబడే చదివింది. అక్కడే తల్లికి ఫోన్ చేసి దోర్లిలో మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. ఏడుపు అర్థమైంది. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అమ్మ నవ్వంగ తీసిన ఫోటో మా ఇంట్ల ఒక్కటి లేదు అక్కా. నూనె రాసుకుని, పచ్చచీర కట్టుకుని దిగిందంట గదా. అది నాకియ్యి."

పంపిస్తానని చెప్పి బస్సెక్కాను. ఈ చివరి మాటలు ఆమె చదివిన కాగితంలో లేవు. షాపామె వద్దన్న రోజే ఆ ఫోటోను నా ఫోన్లోంచి తీసేశాను. గంగా, అది లేదు.