పొట్టి మెడ, వంకర నడుం

మా మావయ్యకి ఒకటే పిచ్చి. మెడ పొట్టిగా, నడుం ఒక పక్కకి జరిగినట్టు వంకరగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్ తప్ప తక్కినవేవీ ఆయన లెక్కలో గిటార్లు కావు. ఆ మాట తనలో తాను అనుకుని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఎదుటివాడు అవునని తలూపేదాకా వదిలేవాడు కాదు. అందుకే వాయించేవాళ్ళంతా ఆయన్ని వంకర మావయ్య అనేవారు. సొంత మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే అయినా, ఆయన ఊరుమ్మడి మావయ్య.

ఆయన ఆకారం కూడా చెప్పాలి. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన మనిషి. ఆయన వేలు ఒకటి మామూలు మనిషి రెండు వేళ్ళ పెట్టు. ఆ భుజానికి ఆ బుల్లి గిటార్ వేలాడుతుంటే, ఎవరో చంటివాడి దగ్గర గిలక్కాయ లాక్కుని వచ్చినట్టుండేది. ఆయన మాత్రం పసిబిడ్డని ఎత్తుకున్నంత గంభీరంగా పట్టుకునేవాడు.

వృత్తి సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ తొడగడం. నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి సుత్తితో దిగేస్తూ, ఆ మేకుల సందుల్లోంచే గిటార్ల గురించి మాట్లాడేవాడు. సాయంత్రం షట్టర్ సగం దించితే ఆ కొట్టే మా సాధన గది. చుట్టూ స్పాంజి దిమ్మలు, రెక్సిన్ చుట్టలు. మా మోతంతా ఆ స్పాంజే మింగేసేది కాబట్టి ఇరుగుపొరుగు మమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. నేను డ్రమ్స్. కళ్ళజోళ్ళ షాపాయన బేస్ గిటార్. అసలు గిటార్ మా అమ్మది. ఆవిడ వెనక తోడుగా వాయించే గిటార్ మావయ్యది.

"అసలు నువ్వు దాన్లో ముందు ఏం చూసి పడిపోయావు మావయ్యా?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవారు. జవాబు మనిషికో రకంగా ఉండేది. బొజ్జ ఉన్న పోస్టుమాన్ అడిగితే, మామూలు గిటార్ కూర్చుంటే ఒళ్ళోంచి జారిపోతుందనీ, ఈ వంకర నడుం తొడ మీద సర్దుకుని కూర్చుంటుందనీ, కుర్చీలు కుట్టేవాణ్ణి గనక కూర్చోవడంలోని సుఖం చూసే ప్రేమించాననీ చెప్పాడు. సన్నటి చేతుల కాలేజీ అమ్మాయి అడిగితే, మెడ పొట్టి కాబట్టి దాని మీది మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయనీ, తీగలు కాస్త వదులుగా ఉండి వేలు నొప్పెట్టకుండా లొంగుతాయనీ, అదే తనని పడగొట్టిందనీ అన్నాడు. ప్రేమ చెడి దిగులుగా తిరుగుతున్న ఒక టైపిస్టుకైతే, తీగలు ఆనే బ్రిడ్జికి అవతల మిగిలిన ముక్కల్ని గీరి వినిపించాడు. దూరంగా ఎక్కడో గాజు పగిలినట్టు చిన్న శబ్దం. ఇలాంటి శబ్దం ఇంకెక్కడా వినలేదనీ, అది విన్న రోజే మనసు పోయిందనీ చెప్పాడు. టైపిస్టు కళ్ళు తుడుచుకుని, మర్నాడే అలాంటిది కొనుక్కున్నాడు.

కళ్ళజోళ్ళ షాపాయన ఒకసారి ఉండబట్టలేక అడిగాడు, ఇందులో నిజం ఏదని. మావయ్య నోట్లో మేకులు తీసి, మంచి దానికి కారణాలెన్నైనా ఉంటాయండీ అని మళ్ళీ పెట్టేసుకున్నాడు.

ఇంత ప్రేమించినవాడు బాగా వాయించేవాడా అంటే, లేదు. ఆ మెట్ల మధ్య ఆయన వేళ్ళు ఇరుక్కుపోయేవి. ఒక తీగ నొక్కబోతే పక్క తీగ కూడా మూలిగేది. మా బృందం గురించి చెప్పేటప్పుడు జనం, ఆవిడ బంగారం, తమ్ముడు పాపం అనేవారు. ఆ మాట ఆయన చెవిన పడ్డా, సోఫా మీద దుమ్ము దులిపినట్టు దులిపేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అమ్మకి తీగలు కొనడానికి వాద్యాల దుకాణానికి వెళ్ళాం. నేను బయట స్కూటర్ పెట్టి వచ్చేసరికి లోపల ఎవరో గిటార్ వాయిస్తున్నారు. గడప మీదే ఆగిపోయాను. ఎక్కడా తడబాటు లేదు. ఒక్కో స్వరం పొట్టు తీసిన గింజలా విడివిడిగా, శుభ్రంగా పడుతోంది. ఎవరా అని తొంగి చూస్తే మావయ్య. చేతిలో నిక్షేపంలాంటి పొడుగు మెడ గిటార్. ఎవరో కొనేవాళ్ళకి వినిపించమని దుకాణదారు ఇచ్చాడట. ఆ పెద్ద వేళ్ళు ఆ మెడ మీద సొంతింట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి.

నన్ను చూసి టక్కున ఆపేశాడు. కొట్టుకి వచ్చాక ఒక పాత కుర్చీ గుడ్డ ఊడదీస్తూ తనంతట తానే మొదలుపెట్టాడు.

"మీ అమ్మకి వేళ్ళు వంగడం లేదురా."

ఆయనకి గిటార్ నేర్పిందే మా అమ్మ. ఆవిడ వేళ్ళ కీళ్ళు బిగుసుకోవడం నేను స్కూల్లో ఉన్నప్పుడే మొదలైందట. పొడుగు మెడ మీద చిటికెన వేలు అందక, ఒకరోజు గిటార్ పెట్టెలో పెట్టి, ఇంక తీరిక లేదు, మానేస్తున్నానని చెప్పింది. తీరిక లేకపోవడం ఏమిటో తమ్ముడికి అర్థమైంది. కానీ మా అమ్మ, సాయం చేస్తామని ఎవరైనా చెయ్యి చాస్తే ముందు కోపం తెచ్చుకునే మనిషి. నీకిది వీలుగా ఉంటుందక్కా అని పొట్టి గిటార్ తెచ్చి ఇస్తే, నా చెయ్యి పోయిందని ఊరంతా చాటుతావా అని మొహాన కొట్టేది.

అందుకని ముందు తనే పిచ్చివాడయ్యాడు. ఒకటి కొని భుజాన వేసుకుని కనబడ్డవాళ్ళందరికీ దాని గొప్ప చెప్పాడు. ఊరు ఊరంతా నవ్వేదాకా చెప్పాడు. ఆ తరవాత అక్క దగ్గరికి వెళ్ళి, దీని రుచి నీకు తెలీదు, ఒక్కసారి పట్టుకుని అప్పుడు మాట్లాడమని పోరు పెట్టాడు. ఆ రోజు నాకు గుర్తుంది. గోల పడలేక అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తీగలు లొంగాయి, వేళ్ళు అందాయి. వంట సంగతి కూడా మరిచిపోయి చీకటి పడేదాకా వాయించింది. తమ్ముడి పోరుకి లొంగిపోయిందని అప్పుడు మేమంతా నవ్వుకున్నాం.

"ఆవిడ పట్టుకుంది కదా, మరి నువ్వు నీ పొడుగుది తీసుకోవచ్చుగా?" అన్నాను.

"నేను మానేస్తే అది అక్క కోసమేనని తెలిసిపోదూ?"

"మరి నీ వాయింపో?"

"ఇంట్లో బాగా వాయించేవాళ్ళు ఒకరుంటే చాల్లేరా." అమ్మతో అనొద్దని ఒట్టు వేయించుకుని, నోట్లో మేకులు పెట్టుకున్నాడు. ఇంక మాటలు అయిపోయాయన్నమాట.

నేను అనలేదు. అయితే ఆ వర్షాకాలంలో, పెద్ద హాల్లో కచేరీ ఒప్పుకున్నాక, అమ్మ తన పాత గిటార్ పెట్టెని రిక్షాలో వేసుకుని కొట్టుకి వచ్చింది. మూత తీసి ఆ పొడుగు మెడ గిటార్‌ని తమ్ముడి చేతికిచ్చింది.

"రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతుంటే పాట పలచగా ఉంటోంది. నువ్వు దీన్ని పట్టుకో" అంది.

మావయ్య ఆ చివర నుంచి ఈ చివర దాకా వాదించాడు. పోస్టుమాన్ కారణం చెప్పాడు, టైపిస్టు కారణం చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా అన్నీ విని, ఇది పాట కోసం, నీ కోసం కాదు అని తేల్చేసింది. అక్క మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆయనకి లేదు. మొహం ముడుచుకునే అందుకున్నాడు.

కచేరీలో ఆయన వాయిస్తుంటే కళ్ళజోళ్ళ షాపాయన అంత బరువైన బేసూ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ రెండుసార్లు తాళం తప్పాడు. మావయ్య మొహం మాత్రం, ఎవరో బలవంతాన కూర్చోబెట్టినట్టు, చివరిదాకా ముడుచుకునే ఉంది. అమ్మ తన పొట్టి గిటార్‌తో ఆయన వెనకే మెల్లగా తోడు నడిచింది.

ఇంటికి వచ్చాక, పాట నిజంగా నిండుగా ఉందా అని అమ్మని అడిగాను. వేళ్ళకి నూనె రాసుకుంటోంది.

"వాడికి నేర్పింది నేను. వాడి వేళ్ళు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో నాకు వినపడదూ?" అంది.

"మొదటినుంచీ తెలుసా నీకు?"

"వాడి గోల పడలేక పట్టుకున్నానుగానీ, తరవాత అది నా ఒళ్ళో కూర్చున్న తీరు నిజంగానే నచ్చింది. ఇప్పుడు ఎవరు మాన్పించినా మానను."

"మరి ఆ సంగతి మావయ్యకి ముందే చెప్పొచ్చుగా?"

అమ్మ నూనె సీసాకి మూత పెట్టింది.

"నా తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక అంత కష్టపడి ఆడిన అబద్ధం అదొక్కటే. మధ్యలో ఆపడం బాగుండదని ఊరుకున్నాను."