క్యాంప్ బాస్ వేషం

ఖతర్‌లోని లుసైల్‌లో ఇసుక మీద ఊరు లేస్తున్న రోజులవి. చమురు, గ్యాసు డబ్బుతో నెల తిరిగేసరికి ఒక కొత్త టవర్ కనిపించేది. నేను అక్కడ ఇనప పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పనిలో ఉండేవాణ్ణి. మా లేబర్ క్యాంప్‌లో సగం మంది మా జిల్లాల వాళ్లే. మాకు ఊళ్లో పొలముందని వాళ్లకు చెప్పుకున్నాను. అబద్ధం. మాకు గుంట భూమి కూడా లేదు. నేను పుట్టింది గుడారంలో.

మాది పగటివేషాలు కట్టే కులం. మా తాత పట్టపగలు పోలీసుగానో, షావుకారుగానో వేషం కట్టుకుని ఊళ్లోకి వెళ్లేవాడు. జనం నిజమే అనుకుని బెదిరిపోయేవారు, ఆ తర్వాత సంగతి తెలిసి నవ్వుకుని చేటలో బియ్యం తెచ్చి పోసేవారు. ఇంకో ఊరు, ఇంకో వేషం. అలా తిరిగేవాళ్లను ఎవరూ పక్కన కూర్చోనివ్వరని నాకు చిన్నప్పుడే తెలిసింది. అందుకే ఖతర్‌లో పొలమున్నవాణ్ణయ్యాను.

ఆ అబద్ధం ఏడాది నిలిచింది. మా పక్క మండలం నుంచి కొత్తగా వచ్చిన ఒక మేస్త్రీ, మెస్సు లైనులో నన్ను తేరిపార చూసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"అరె, నువ్వు వేషగాళ్ల పోరనివి గదా! మీ తాత మా వాకిట్ల బియ్యం అడుక్కుంటుండె."

లైనులో నవ్వులు లేచాయి. ఆ రోజు నుంచి నేను కూర్చున్న బల్ల దగ్గర చోటు ఖాళీగా ఉండేది. "ఏదీ, ఒక కోతి వేషం గట్టు" అనేవాళ్లు. నేను తల దించుకుని తిని, ప్లేటు కడుక్కుని వెళ్లిపోయేవాణ్ణి.

మా సైటు బస్సు నడిపే డ్రైవర్ భాయ్‌ది మా దగ్గరి పట్టణమే. తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడేవాడు. ఒకరోజు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

"క్యా మియా, దొంగతనం జేసినోని లెక్క కూసుంటున్నవేంది? నీకు వచ్చింది వాళ్లకు వస్తదా?"

"నాకేం వస్తది భాయ్?"

"వేషం వస్తది గదా. కట్టు. జర దేఖ్‌లేంగే, చూద్దాం."

ఆ మాట నన్ను పట్టుకుంది. పనిలో ఉన్నా అదే ఆలోచన. కోతి వేషం అడిగారు కదా, నేను వాళ్లు అడగనిది కడతాను అనుకున్నాను. మా క్యాంప్ బాస్ వేషం.

మా గదులూ మెస్సూ చూసే ఆ క్యాంప్ బాస్ వేరే దేశంవాడు. గదుల్లో ఏసీలు పాడై వేసవి సగం గడిచినా, పప్పులో నీళ్లు తప్ప పప్పు కనిపించకపోయినా ఆయన జవాబు ఒక్కటే: "బుక్రా." రేపు అని. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన బజారుకు వెళతాడు. ఆ వేళనే ఎంచుకున్నాను.

పొట్టకు దిండు కట్టుకున్నాను. పెయింట్ బ్రష్ వెంట్రుకలతో మీసం అంటించుకున్నాను. ఎవరో పడేసిన తెల్ల హెల్మెట్, చేతిలో రాసుకునే అట్ట, నడుముకు తాళాల గుత్తి. మెస్సు తలుపు తోసి లోపలికి అడుగు పెట్టాను. తాళాల చప్పుడు వినగానే రెండు బల్లల వాళ్లు లేచి నిలబడ్డారు. వంటవాడు గరిటె వెనక దాచాడు. నా ఒంట్లోకి ఏదో దిగినట్టయింది. మా తాత కాళ్లు నా కాళ్లలో నడుస్తున్నాయి.

పప్పు గిన్నెలో వేలు ముంచి పైకెత్తి చూశాను.

"యే క్యా హై? దాల్? మాఫీ దాల్! దాల్ నహీ! పూరా పానీ!" అని, అట్ట మీద రాసుకుంటూ, "పప్పు, బుక్రా. ఏసీ, బుక్రా. జీతం, బుక్రా. తుమ్ మర్‌తా? వో భీ బుక్రా!"

ముందు ఎవరో ఒకడు పక్కున నవ్వాడు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. నేపాలీలు, బెంగాలీలు కూడా బల్లలు చరిచారు. నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపులో అసలు క్యాంప్ బాస్ నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో సంచులతో.

ఊరి పటేల్ ఎదురొచ్చినా ఆట మధ్యలో మా తాత వేషం విడిచేవాడు కాదు. నేనూ ఆయన దగ్గరికే నడిచాను, ఆయన నడకతోనే.

"తుమ్ కౌన్?" అన్నాను. "ఐడీ కార్డ్ దిఖావ్!"

పైకప్పు ఎగిరిపోతుందా అన్నట్టు నవ్వారు జనం.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. తాగి చేశానని రాసి సంతకం పెడితే వదిలేస్తామన్నారు. లేదంటే ఇంటికి పంపిస్తామన్నారు.

"నేను తాగలే సార్. వేషం గట్టిన. అది మా పని. తాగిన్నని మాత్రం రాయను," అన్నాను.

ఇంటికి పంపలేదు. పని జోరు మీద ఉంది, మనిషి కావాలి. వారంలోగా దూరంగా ఉన్న అల్ ఖోర్ క్యాంప్‌కు మార్చారు. నేను వెళ్లేలోపు పాత క్యాంప్‌లో మూడు గదుల్లో ఏసీలు బాగయ్యాయి. మా గదిలో కాలేదు.

వెళ్లే రోజు నేను సామాను సర్దుకుంటుంటే ఆ మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తమ్మీ, నేనొక్కటి చెప్పలే. మీ తాత పోలీసు వేషంల మా ఇంటికొచ్చిండు. మా నాయిన బుగులువడి పెరట్ల గోడ దుంకిండు. కాలిరిగింది."

"అది చెప్పకుంట బియ్యం ఒక్కటే చెప్పినవా అన్నా?"

ఆయన నా పెట్టె బస్సు దాకా మోసి వెళ్లిపోయాడు.

కబురు మెల్లగా పాకింది. ముఐథర్ అనే పేటలో మన తెలుగువాళ్లు ఒక హాలు తీసుకుని పండుగ చేస్తూ నన్ను పిలిచారు. నిర్వాహకుడు మంచిగానే మాట్లాడాడు.

"జానపద కళ అని చెబుదాం అండీ. కులం పేరు ఎందుకు? ఫ్యామిలీలు వస్తారు."

"అట్లయితే నేను రాను సార్."

ఆయన సరే, మీ ఇష్టం అన్నాడు. అయినా మైకులో మాత్రం జానపద కళాకారుడు అనే అన్నాడు. నేను వేషంతో స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాను.

"మేం పగటివేషగాళ్లం. మా తాత అడుక్కోలే. ఆడి తీసుకున్నడు. నేనూ అంతే. ఇగ చూడుండ్రి."

ముందు వరుసలో కొందరు చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసల్లో ఈలలు మోగాయి. ఆడాను.

అయ్యాక హాలు పక్కన మీసం పీకుతుంటే ఒకావిడ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అన్నా, మాది గూడ అదే కులం. ఇక్కడ ఎవ్వలికి చెప్పలే. నా బిడ్డకు గూడ తెల్వది."

ఆమె నా చేతిలోని మీసం వైపు చూసి, వెనక్కి తిరిగి, హాలంతా వినబడేలా పిలిచింది.

"ఇటు రా బిడ్డా. ఈ మామకు దండం పెట్టు. మనోళ్లే."