తలమీద తువ్వాలు

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో నా డ్యూటీల రోటా నిండా ఆదివారాలే. చర్చికి వెళ్లి నెలలైంది. ఇవాళ నేను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో టవళ్లు మడతపెడుతుంటే, ఓ పెద్దావిడ నా చేయి పట్టుకుని ప్రార్థన చెయ్యమంది. ఆలోచించకుండానే చేతిలోని టవల్ తలమీద కప్పుకున్నాను.

మీ ఇంట్లోనూ ఇలాగే ఉండేదా? నా చిన్నప్పుడు, గుడికి (చర్చిని మేం అలాగే అనేవాళ్లం) వెళ్లలేని ఆదివారం అమ్మ కూర దించి, వంటింట్లోనే చాప పరిచేది. తను కొంగు కప్పుకుని, నా తలమీద పోపు వాసనొచ్చే తువ్వాలు వేసేది.

"ఇది వంటిల్లే కదమ్మా?"

"ప్రార్థన చేస్తే ఇదే గుడి. చివర్లో ఆమేన్ గట్టిగా చెప్పు."

ఇవాళ నా ప్రార్థన తెలుగులోనే వచ్చేసింది. ఆవిడకు ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అయినా చివర్లో గట్టిగా "ఆమేన్" అంది.

నా ప్రార్థనకు ఇంకొకరు ఆమేన్ చెప్పి ఎన్నాళ్లయిందో!